అరంగుళం ఇనుము

కొరీన్ వుకోవిచ్‌కు చిరాకు తెప్పించే ప్రశ్నలు చాలానే ఉన్నాయి గాని, ఇరవై ఏడేళ్లుగా ఆమెను వదలకుండా వెంటాడుతున్నది ఒక్కటే: "చైనాది మంచిదా, మనదా?" చర్చిలో శుక్రవారం నాడు పిరోగీలనే ఉడకబెట్టిన కజ్జికాయలు అమ్మే ఆడవాళ్లు అడిగారు. పళ్ల డాక్టరు ఆమె నోట్లో పనిముట్టు పెట్టి, జవాబు చెప్పే వీలు లేని సమయం చూసి అడిగాడు. సొంత మరిది, చైనాలో తయారైన కుర్చీలో కూర్చుని, చైనాలో తయారైన టీవీలో ఆట చూస్తూ, అమెరికా సరుకుకు సాటి లేదని ప్రకటించి, ఆ తర్వాత ఆమె వైపు తిరిగి అడిగాడు. అందరికీ ఆమె చెప్పే జవాబు ఒకటే.

"ఎంత పెట్టి కొన్నావు? ఏం కావాలని రాసిచ్చావు? వచ్చాక కొలిచి చూసుకున్నావా? ఈ మూడూ చెప్పు, తరవాత మాట్లాడదాం."

మూడూ చెప్పినవారు ఇంతవరకు లేరు.

ఒహైయో రాష్ట్రంలోని కార్వెల్ అనే ఊళ్లో, మంచినీటి గొట్టాలకు వాల్వులు తయారుచేసే ఆస్ట్రమ్ కంపెనీలో ఆమె తనిఖీ అధికారిణి. అధికారం అన్న మాట పేరుకే. చేతిలో ఉన్నదల్లా ఒక నీళ్ల తొట్టి, ఒక గడియారం, ఏడో నంబరు చెక్కిన ఉక్కు ముద్ర. వాల్వు బాడీకి, అంటే దాని ఇనుప డొల్లకు, రెండు వైపులా బిరడాలు బిగించి, లోపలికి గాలి ఎక్కించి, తొట్టిలో ముంచి, రెండు నిమిషాలపాటు చూపు తిప్పకుండా చూడాలి. బుడగ రాకపోతే అంచు మీద ముద్ర ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. ఆ కంపెనీలో ఏడు అంకె మరెవరిదీ కాదు. భూమిలోకి వెళ్లిన వాల్వు యాభై ఏళ్లు అక్కడే ఉంటుంది. ఎప్పుడు తవ్వి తీసినా, దాన్ని సరేనని పంపిన మనిషి ఎవరో దాని అంచే చెబుతుంది.

ఆమె తండ్రి అదే కంపెనీలో ఇనుము కరిగించి పోత పోసినవాడు. ఆ కొలిమి ఆరిపోయి పద్దెనిమిదేళ్లయింది. ఊళ్లో అందరూ చెప్పుకునేటట్టు దాన్ని చైనా ఆర్పలేదు. పాత కొలిమి బాగుచేయడానికయ్యే ఖర్చును సరస్సు ఒడ్డున కట్టదలచిన ఇంటి ఖర్చుతో పోల్చి చూసి, ఇల్లే మేలనుకున్న యజమాని ఆర్పాడు. ఆ యజమాని కొడుకు డేల్ ఆస్ట్రమ్ ఇప్పుడు కంపెనీ నడుపుతున్నాడు. ఇల్లు ఇంకా ఉంది.

అప్పటినుంచి బాడీలు రెండు చోట్ల నుంచి వస్తున్నాయి: రెండు గంటల దూరంలో ఉన్న ఒక పోత కార్ఖానా నుంచి కొన్ని, చైనాలోని హెబెయ్ నుంచి ఓడలో కొన్ని. ఎనిమిది అంగుళాల బాడీ ఇక్కడ రెండు వందల పది డాలర్లు; అక్కడిది ఓడ కిరాయి, సుంకం అన్నీ కలుపుకొని నూట పదిహేను. వంద ముక్కలు ముంచితే ఇక్కడివి పదకొండు బుడగలు వదులుతాయి, అక్కడివి మూడు. ఆ లెక్క కొరీన్‌కు నచ్చలేదు. నచ్చలేదు కనుకనే మూడేళ్ల పుస్తకాలు తిరగేసి మళ్లీ సరిచూసింది. ఇరవై ఏళ్ల కిందట హెబెయ్ సరుకు నిజంగానే నాసిరకం; వందలో నలభై ఆమే తిప్పి పంపింది. అప్పట్లో కంపెనీ ఇచ్చిన ధరకు అంతకన్నా రాదు. తర్వాత కంపెనీ ధర పెంచింది, మందం ఎంతుండాలో రాసిచ్చింది, ప్రతి విడతనూ కొలిచింది. వాళ్లూ సరిగా చేశారు. అందులో జాతి గుణమేమీ లేదు. రెండు గంటల దూరంలోని కార్ఖానావాళ్లు పని తెలిసిన పాతవాళ్లను పంపేసి, మిగిలినవాళ్ల చేత వారానికి అరవై గంటలు పని చేయించి, ఇసుక అచ్చులు ఆరకముందే పోత పోయించారు. అందులోనూ జాతి గుణమేమీ లేదు.

ఏప్రిల్ రెండో వారంలో తొట్టి బుడగలు కక్కడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు బాడీల్లో ఏడు కారుతున్నాయి. సరుకుతో వచ్చిన చీటీల మీద 'స్వదేశీ పోత' అని ఉంది. ఆ చీటీలున్న సరుకు కారడం ఆమెకు కొత్త కాదు. ఏడూ ఒకే చోట కారడం కొత్త. కింది అంచుకు నాలుగు వేళ్ల పైన, అరచేయంత మేర, చీమల బారులా సన్నని బుడగలు. పోతలో పుట్టిన లోపం ఒక్కో ముక్కలో ఒక్కో చోట ఉంటుంది. ఏడు ముక్కల్లో ఒకే చోట ఉందంటే దాన్ని ఎవరో చేతితో చేసినట్టే.

డేల్ వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు. "ఫోటోలు తీసి గెంగ్‌కి పంపు. ఏడిటికీ డబ్బు వెనక్కి ఇమ్మను. ఫిర్యాదు కాగితం నేను రాయిస్తా."

"గెంగ్‌కా? గెంగ్ ఉండేది హెబెయ్‌లో కదా డేల్. వీటి చీటీల మీద స్వదేశీ అని ఉందే?"

"చీటీ తప్పు పడింది."

"ఇరవై నాలుగూనా?"

"పొద్దున్నే మొదలుపెట్టకు కొరీన్. ఫోటోలు పంపు, చాలు."

భోజనాల గదికి వార్త ఆమెకంటే ముందే చేరింది. రంగులు వేసే బక్ నోటి నిండా శాండ్‌విచ్ పెట్టుకుని స్వాగతం పలికాడు. "చెప్పానా లేదా? చైనా సరుకు ఎప్పటికైనా చైనా సరుకే. మా ఇంట్లో రొట్టెలు కాల్చే మిషను మూడు నెలలు కూడా రాలేదు."

"ఎంతకి కొన్నావు?"

"పన్నెండు డాలర్లు."

"పన్నెండు డాలర్లకి మూడు నెలలు రొట్టెలు కాల్చి పెట్టిందా? దానికి దణ్ణం పెట్టి పూడ్చిపెట్టాల్సింది బక్."

అందరూ నవ్వారు. కొరీన్ నవ్వలేదు. ఆ చీటీల సంగతి ఆమెకు గొంతు దిగడం లేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి గెంగ్ వెయ్‌లిన్ కంప్యూటరు తెరమీదికి వచ్చాడు. హెబెయ్ కార్ఖానాలో నాణ్యత చూసే ఇంజినీరు. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా విసిగించుకుంటున్నారు. అక్కడ సాయంత్రం, మూతపెట్టిన గాజు గ్లాసులో టీ ఆకులు అడుగుకు దిగుతున్నాయి.

"ఫోటోలు చూశానండీ కొరీన్ గారూ. నీలం రంగు చాలా బాగుంది."

"రంగు మేం వేసిందే. బుడగలు చూడండి."

"చూశాను. ఒక చిన్న సందేహం. మా దేశం పేరు ఏమైంది?"

"ఏ పేరు?"

"బుడగలు వస్తున్న చోటే మా దేశం పేరు ఇనుములోకి దిగి ఉండాలి కదండీ. ఆ చోటు చూపించింది మీ డ్రాయింగే. పోయిన ఏడాది మీ ఆఫీసువాళ్లు ఉత్తరం కూడా రాశారు, అక్షరాలు సరిగా కనబడటం లేదు, లోతు పెంచండి అని. పెంచాం." గెంగ్ మూత తీసి ఒక గుక్క తాగాడు. "ఇప్పుడు అసలు కనబడటం లేదు."

కొరీన్ ఫోటో వైపు చూసింది. అక్కడ నీలం రంగు కింద అంతా నున్నగా ఉంది.

"మీరక్కడ అరగదీస్తారని ముందే చెప్తే ఆ చోట ఇంకో పావు అంగుళం ఇనుము వేసేవాళ్లం. ముక్కకి నాలుగు డాలర్లు ఎక్కువయ్యేది," అన్నాడు గెంగ్. అది ఎగతాళి కాదు, మామూలుగా ధర చెప్పడమే. అందుకే మరీ గుచ్చుకుంది. "మేం సరిగా చేయని రోజులున్నాయి. మీరు తిట్టారు, పడ్డాం. ఇది మాత్రం మాది కాదండీ."

ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి, కారే బాడీ ఒకటి ఎత్తించి, రంగు గీకి, మందం కొలిచే పరికరం ఆనించింది. చుట్టూ ఎక్కడ చూసినా అరంగుళం. ఆ అరచేయంత చోట పావు అంగుళం మీద కొద్దిగా. పోత ఇనుముకు పైచర్మమే గట్టిది. లోపలికి పోయేకొద్దీ గుల్లదనం ఎక్కువ. అక్షరాలు ఎంత లోతుకు దిగాయో అంత లోతుకూ చర్మాన్ని ఒలిచి, దానిమీద రంగు పూశారు.

ఆ కంపెనీలో అంత నున్నగా ఇనుము అరగదీయగలిగిన మనిషి ఒక్కడే. నలభై ఒక్క ఏళ్లుగా గ్రైండర్ పట్టిన లోనీ స్పర్లాక్, ముఖానికి కట్టుకున్న గుడ్డ దించి ఆమె చూపించిన ముక్కను చూశాడు.

"నువ్వేనా లోనీ?"

"ఏం, బాగా రాలేదా?"

"బాగా వచ్చింది. అదే నా ఏడుపు."

"అక్షరాలు తీసెయ్యమన్నాడు డేల్. చదవడానికి రాకపోతే చాలన్నాడు. అదేం మాట పిల్లా? చదవడానికి రాకపోయినా బొటనవేలికి తగులుతుంది కదా. సగం సగం పని నా చేతిమీదుగా బయటికి పోనిస్తానా? వేలికి ఏమీ తగలనంత వరకూ తీశా. అంచులు కూడా వాలుగా కలిపేశా. ఈ రెండో విడతలో అక్షరాలు మరీ లోతుగా ఉండి ప్రాణం తీశాయి. ఇప్పుడు చూడు, అక్కడేదో ఉండేదని ఎవడైనా చెప్పగలడా?"

"ఎందుకు తీయమన్నాడో అడిగావా?"

"రంగు పట్టదన్నాడు."

"నమ్మావా?"

లోనీ గ్రైండర్ తీగను చేతికి చుట్టుకుంటూ నేలకేసి చూశాడు. "పదకొండు నెలల్లో నాకు పింఛను, కొరీన్."

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని లోనీ మీద పెట్టడానికి మనసు రాలేదు. డేల్ చెప్పినట్టు అరకొరగా గీకి వదిలేసి ఉంటే ఆ బాడీలు యాభై ఏళ్లు నిలిచేవి. చేసిన పని పూర్తిగా చేయాలన్న పట్టుదల ఉన్న చేయి తగలబట్టే అవి చెడిపోయాయి. ఆ చైనా ఇనుములో ఉన్న ఒకే ఒక్క లోపం ఒహైయోలో, అమెరికా గర్వంగా చెప్పుకునే పనితనంతో తయారైంది.

రెండో విడత అని లోనీ అన్న మాట అప్పుడు తలకెక్కింది. మొదటి విడత మార్చిలోనే వెళ్లిపోయింది. కార్వెల్ హికరీ వీధిలో కొత్త నీటి గొట్టం వేస్తున్నారు. ప్రభుత్వ ధనంతో జరిగే పని గనుక, అందులో వాడే ఇనుము ఈ దేశంలోనే కరిగి పోతపోసినదై ఉండాలన్నది నిబంధన. ఇరవై రెండు వాల్వులు. అన్నింటి అంచునా ఏడు అంకె. వాటితోపాటు వెళ్లిన ధ్రువపత్రం మీద, చీటీలు చూసి, నమ్మి, ఆమె పెట్టిన సంతకం.

మర్నాడు పొద్దున డేల్ గదిలో బల్ల మీద రెండు కాగితాలు ఆమె సంతకం కోసం సిద్ధంగా ఉన్నాయి. కొరీన్ కుర్చీలో కూర్చోలేదు. రెండింటినీ పక్కపక్కన, అంచులు కలిసేలా సర్దింది.

"ఇది ఊరివాళ్లకి. ఇది గెంగ్‌కి. రెండిటి మీదా ఒకటే సరుకు నంబరు. దీని ప్రకారం ఇది మన దేశంలో కరిగిన ఇనుము. దాని ప్రకారం చైనావాళ్లు చెడగొట్టిన ఇనుము. ఏది అబద్ధమో నువ్వే చెప్పు డేల్, అది చించేస్తా."

"రెండూ వేరే వేరే మనుషులకి వెళతాయి కొరీన్."

"అది జవాబా?"

"నాకు ఇంకేం దారుంది?" డేల్ గొంతు పెరిగింది. "ఇక్కడి కార్ఖానావాడు పదహారు వారాలన్నాడు. ఊరివాళ్లు ఆరు వారాలన్నారు. ఈ పని పోతే ముప్పై ఒక్క మందిలో పదిమందికైనా సెలవు చెప్పాలి. ఎవరికి చెప్పమంటావు? బక్‌కా? లోనీకా? పైగా నువ్వేగా లెక్కలు తీసి చూపించావు, వాళ్ల పోతే మేలని? ఊరికి మంచి సరుకే ఇచ్చాను. మంచిది ఇచ్చినందుకు దొంగనయ్యానా?"

"మంచిదాన్ని చెడగొట్టి ఇచ్చావు. పేరు దాచడం కోసం చెడగొట్టావు. ఇక్కడ ఇనుము దొరక్కపోతే, దొరకలేదని రాసి బయటిది వాడుకోవడానికి అనుమతి అడగొచ్చు. ఆ మాట నిబంధనల్లో మూడో పేజీలోనే ఉంది. నేను రాత్రి కూర్చుని చదివాను. నువ్వు చదివావా?"

"అనుమతి వచ్చేసరికి..."

"అడిగావా, లేదా?"

డేల్ కిటికీలోంచి లారీల వైపు చూశాడు. ఆమె ఎదురుచూసింది. తొట్టి ముందు రెండు నిమిషాలు చూపు తిప్పకుండా నిలబడటం అలవాటైన మనిషి. ఎదురుచూడటంలో ఆమెతో పోటీపడటం కష్టం.

"అడగలేదు," అన్నాడు చివరికి. "మన పేరు చూసి కొంటారు. చైనా ఇనుమని తెలిస్తే ఇంకొకడి దగ్గరికి పోతారు. ఆ ఇంకొకడిదీ చైనా ఇనుమే. నీకు తెలీదా?"

"తెలుసు."

"భూమిలో ఉన్న ఇరవై రెండిట్లో ఒక్కటీ కారలేదు."

"ఇంకా కారలేదు."

"సంతకం పెడతావా, పెట్టవా?"

"పెట్టను. మార్చిలో పెట్టింది కూడా వెనక్కి తీసుకుంటున్నా."

"ఇంటికెళ్లి ఆలోచించుకో," అన్నాడు డేల్. ఉద్యోగంలోంచి తీసేశానని అనలేదు. అలా అనకూడదని ఎవరో లాయరు చెప్పి ఉంటాడు. ఆమె బయటికి నడుస్తుంటే బక్ రంగు తుపాకీ ఆపి, ఆమె గుమ్మం దాటాక మళ్లీ ఆన్ చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె వంటగది బల్ల ముందు కూర్చుని ఒక ఉత్తరం రాసింది. అందులో కోపం లేదు, విశేషణాలు లేవు. ఇరవై రెండు వాల్వుల నంబర్లు, తొట్టి దగ్గర కొలిచిన మందాలు, ఎవరు ఏ రోజున ఏం చెప్పారన్నది మాత్రమే ఉంది. దాన్ని తీసుకుని ఊరి నీటి విభాగానికి వెళ్లింది. పర్యవేక్షకుడు అర్విల్ టకర్ బురద బూట్లు గుమ్మం బయట విడిచి, మేజోళ్లతో కూర్చుని ఉన్నాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, పామును చూసినట్టు చూసి, బల్ల మీద ఆమె వైపుకు తోశాడు.

"విన్నాను. గుర్తుపెట్టుకుంటా. కాగితం నువ్వే ఉంచుకో."

"కాగితం మీకే. అందినట్టు ముద్ర వేసి నకలు ఇవ్వండి."

"కొరీన్, వీధి పూడ్చి పదిహేను రోజులు కాలేదు. తారు వాసన కూడా పోలేదు. కారని వాల్వుల కోసం మళ్లీ తవ్వితే జనం నన్ను ఆ గోతిలోనే పెడతారు."

"కారాక తవ్వితే ఎవర్ని పెడతారు?"

"ముద్ర వేశానంటే నేను తవ్వాల్సిందే. నీకది తెలుసు."

"తెలుసు. అందుకే వేయమంటున్నా."

అర్విల్ ముఖం తుడుచుకున్నాడు. "సరే, తీశాననుకో. వాటి బదులు ఏం పెట్టమంటావు? మనవాళ్లది పదహారు వారాలు, పైగా ధర రెండింతలు. ఆ ధర చెబితే ఊరి సభలో ఒక్కడూ చెయ్యి ఎత్తడు. అమెరికా సరుకే కావాలంటారు, చైనా ధరకి కావాలంటారు. నేనెక్కణ్ణించి తేను?"

"అది వాళ్లనే అడగండి, సభలోనే. ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉండటానికే డేల్ గ్రైండర్ పట్టించాడు."

ముద్ర పడటానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ముద్ర ఎక్కడ పెట్టామో కనబడలేదన్నారు, సిరా ఆరిపోయిందన్నారు, ముద్రవేసే అమ్మాయి భోజనానికి వెళ్లిందన్నారు. కొరీన్ గోడకు ఆనుకుని నిలబడింది. చివరికి అర్విలే సొరుగు లాగి, ముద్ర తీసి, రెండు కాగితాల మీద బల్ల అదిరేలా కొట్టాడు.

సోమవారం ఉదయం హికరీ వీధిలో మొదటి గొయ్యి తవ్వారు. కొరీన్ మందం కొలిచే పరికరంతో నిచ్చెన మీదుగా కిందికి దిగింది. తన ఉద్యోగం ఉందో పోయిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పిరోగీల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి వరుస మారారు. వాళ్లలో ఒకామె లోనీ భార్య. ఇప్పుడు గొయ్యి చుట్టూ కాఫీ కప్పులతో జనం మూగారు. వీధి మళ్లీ మూసేసినందుకు ఒకాయన అర్విల్‌ను కడిగేస్తున్నాడు.

ఆమె వాల్వు మీది మట్టి తుడిచింది. కింది అంచు నుంచి నాలుగు వేళ్లు కొలిచి, రంగు గీకి, పరికరం ఆనించింది. మొదటి అంకె నమ్మక మళ్లీ ఆనించింది. మూడోసారి కూడా అదే వచ్చింది.

"ఎంత?" అన్నాడు అర్విల్ పైనుంచి.

"పావు అంగుళం మీద కొద్దిగా, అంతే. ఉండాల్సింది అరంగుళం."

అర్విల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. అతని వెనక నిలబడ్డవాళ్లకు అంకె అర్థం కాలేదు గాని, అతని ముఖం అర్థమైంది.

"ఇది చైనాదట కదా?" అంది ఒకావిడ. "మా ఆయనకి ఆ కంపెనీలో పనిచేసే అతను చెప్పాడు."

"ఇంకేం మరి!" అన్నాడు అర్విల్‌ను కడిగేస్తున్న మనిషి. "చైనా చెత్త! డబ్బు పోసి చెత్త కొంటారు, తవ్వుతారు, మళ్లీ కొంటారు!"

కొరీన్ నిచ్చెన రెండు మెట్లెక్కింది. ఆమె తల వీధి మట్టానికి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. "చైనాది అరంగుళం," అంది. అరవలేదు, అయినా వీధి అవతల ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. "వాళ్లు అడిగిన మందానికి అడిగినట్టు పోశారు. దానిమీద వాళ్ల దేశం పేరు ఉంటే మనకి చూడబుద్ధి కాలేదు. ఆ పేరు గీకింది మనం, ఇదే ఊళ్లో. పోయిన పావు అంగుళం మన గ్రైండర్ కింద పోయింది. సరేనని నంబరు కొట్టింది నేను. తిట్టాలనుంటే ఇక్కడే ఉన్నా, తిట్టండి. హెబెయ్ దాకా వెళ్లక్కర్లేదు."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు. ఆ మనిషి కాఫీ కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అంటే," అన్నాడు కాసేపటికి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "ఇంతకీ వాళ్లది మంచిదంటావా, మనదా?"

కొరీన్ పరికరం మీది బురద తుడిచింది. తర్వాత అర్విల్ వైపు తిరిగింది.

"ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి. రెండోది ఎక్కడ?"